కాదన్న మాటను కాగితం మీద రాసివ్వండి: ప్రత్యేక అవసరాలున్న పిల్లల బడి ప్రవేశాలపై బహిరంగ లేఖ

రెండు తెలుగు రాష్ట్రాల పాఠశాల విద్యాశాఖ, దివ్యాంగుల సంక్షేమ శాఖల ఉన్నతాధికారులకు, గుర్తింపు పొందిన పాఠశాలల యాజమాన్యాలకు, ప్రత్యేక పాఠశాలల నిర్వాహకులకు నమస్కారాలు.

విషయం: ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు తగిన బడిని ఎంచుకోవడంలో, అక్కడ దరఖాస్తు చేసుకోవడంలో తల్లిదండ్రులు పడుతున్న ఇబ్బందుల గురించి.

నేను ఆటిజం ఉన్న ఎనిమిదేళ్ల అబ్బాయికి తల్లిని. మా అబ్బాయికి ఏ బడి సరిపోతుందో ఎవరు చెబుతారు, దరఖాస్తు ఎవరికి పెట్టుకోవాలి, సీటు ఇవ్వకపోతే ఎవరిని అడగాలి అన్న ప్రశ్నలతో జిల్లా అధికారులకు అర్జీ ఇచ్చాను. అర్జీ అందినట్టు రసీదు ఇచ్చారు. కొన్ని వారాల తరువాత, దానిని సంబంధిత శాఖకు పంపినందున పరిష్కారమైనట్టు నమోదు చేశామని ఫోనుకు సందేశం వచ్చింది. ఆ సంబంధిత శాఖ ఏదో సందేశంలో లేదు. విద్యాశాఖ కార్యాలయంలో అడిగితే ప్రత్యేక పాఠశాలలు తమ పరిధిలోకి రావన్నారు. సంక్షేమ శాఖ కార్యాలయంలో అడిగితే బడి ప్రవేశాల సంగతి విద్యాశాఖే చూసుకుంటుందన్నారు. రెండు చోట్లా మర్యాదగానే మాట్లాడారు గానీ, అదే మాట రాసిమ్మని అడిగితే వీలుకాదన్నారు. అందుకే ఈ ఉత్తరాన్ని అందరి ముందూ పెడుతున్నాను. థెరపీ కేంద్రం వరండాలో నాతో పాటు కూర్చుని పిల్లల కోసం ఎదురుచూసే తల్లిదండ్రులు తమకు జరిగినవి కూడా రాయమన్నారు. వారివీ ఇందులో ఉన్నాయి.

ముందుగా చట్టం ఏం చెబుతోందో చెప్పుకోవాలి. మీకు తెలియదని కాదు, ఈ లేఖ చదివే తల్లిదండ్రుల్లో చాలామందికి తెలియదు కనుక. 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉన్న వికలాంగుల హక్కుల చట్టం, 2016 మొత్తం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. అంతకు ముందున్న 1995 నాటి చట్టంలో ఏడే ఉండేవి. ఆటిజం అందులో లేదు. కొత్త చట్టంలోని 16వ సెక్షన్ ప్రకారం, ప్రభుత్వ నిధులు పొందే బడులే కాదు, ప్రభుత్వ గుర్తింపు పొందిన బడులు కూడా వైకల్యం ఉన్న పిల్లలను వివక్ష లేకుండా చేర్చుకునేలా, వారికి కావలసిన సర్దుబాట్లు చేసేలా చూడవలసిన బాధ్యత ప్రభుత్వానిది, స్థానిక సంస్థలది. 31వ సెక్షన్ ప్రకారం 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్న ప్రతి బిడ్డకు ఆరేళ్ల నుంచి పద్దెనిమిదేళ్ల వరకు ఉచిత విద్య హక్కుగా ఉంది. ఆ విద్యను ఇంటి దగ్గరి బడిలో పొందాలా, ప్రత్యేక పాఠశాలలో పొందాలా అన్న ఎంపిక ఆ బిడ్డదేనని కూడా ఆ సెక్షన్‌లో ఉంది. 2012లో విద్యాహక్కు చట్టాన్ని సవరించినప్పుడు, తీవ్రమైన వైకల్యం లేదా ఒకటికి మించి వైకల్యాలున్న పిల్లలు ఇంటి దగ్గరే చదువు కోరుకునే వీలు కూడా కల్పించారు.

అంటే మామూలు బడి, ప్రత్యేక బడి, ఇంటి దగ్గర చదువు అనే మూడు దారులు చట్టంలో ఉన్నాయి, వాటిలో దేనిని ఎంచుకోవాలన్న అధికారం కుటుంబానికి ఉంది. ఆచరణలో మాత్రం ఆ ఎంపిక బడి చేతికి వెళ్లిపోయింది. అలా వెళ్లిపోయిందనడానికి ఎక్కడా ఒక కాగితం ముక్క కూడా మిగలడం లేదు. మా ప్రధాన ఫిర్యాదు ఇదే. ఇది ఎలా జరుగుతోందో ఒక్కొక్కటిగా విన్నవించుకుంటాను.

1. నిరాకరణ అంతా నోటి మాటగానే జరుగుతోంది. బడికి ఫోను చేసి పిల్లవాడి వయసు, తరగతి చెబితే సీట్లున్నాయంటారు. ఆటిజం అని చెప్పగానే, మేడంతో మాట్లాడి మళ్లీ ఫోను చేస్తామంటారు, ఆ ఫోను రాదు. నేరుగా వెళితే దరఖాస్తు ఫారమే ఇవ్వరు. ఫారం ఇవ్వలేదు కనుక దరఖాస్తు పెట్టినట్టు కాదు, దరఖాస్తు లేదు కనుక తిరస్కరించినట్టూ కాదు. రేపు ఎవరైనా లెక్క అడిగితే, వైకల్యం ఉన్న ఒక్క బిడ్డను కూడా తాము కాదనలేదని ఆ బడి చెప్పగలదు, రికార్డుల ప్రకారం అది అబద్ధం కూడా కాదు. చాలాసార్లు మమ్మల్ని వెనక్కి పంపింది "మీ బాబు మంచికే చెబుతున్నామమ్మా, ఇక్కడ ఇబ్బంది పడతాడు" అన్న మాట. ఆ మాట అన్నవారి మనసులో నిజంగా మంచే ఉండవచ్చు. అయినా, బిడ్డను ఒక్కరోజు కూడా తరగతిలో చూడకుండా అతని మంచిని నిర్ణయించడం ఎలా సాధ్యమో మాకు అర్థం కాదు.

2. అసెస్‌మెంట్ పేరుతో జరిగేది పరీక్షే. దీని గురించి కొంచెం వివరంగా రాయాలి. మా అబ్బాయిని ఒక బడిలో ఆఫీసు గదిలోకి తీసుకువెళ్లారు. ఎదురుగా ముగ్గురు పెద్దవాళ్లు, బల్ల మీద రంగు రంగుల చెక్క ముక్కలు, పక్కనే ఆగి ఆగి చప్పుడు చేసే ప్రింటర్. వాడు ప్రింటర్ వంకే చూస్తున్నాడు. "ఎర్రది ఏదీ?" అని మూడుసార్లు అడిగారు. వాడు ప్రింటర్ మీద వెలిగే ఎర్ర దీపాన్ని వేలితో చూపించాడు. బల్ల మీదున్న ముక్కను చూపించలేదని కాగితంలో ఇంటూ పెట్టారు. పది నిమిషాలకు లేచి నిలబడ్డారు. ఆటిజం ఉన్న బిడ్డకు కొత్త గది, కొత్త మనుషులు, అలవాటులేని చప్పుడు అన్నీ ఒకేసారి ఎదురైతే తెలిసిన మాట కూడా బయటికి రాదని ప్రత్యేక విద్య చదివిన ఎవరైనా చెబుతారు. పిల్లవాడికి ఏ సాయం అవసరమో తెలుసుకోవడానికి చేసే అసెస్‌మెంట్‌ను మేము స్వాగతిస్తాం. సీటు ఇవ్వాలా వద్దా అని తేల్చడానికి చేసేది మాత్రం వడపోత. ప్రవేశానికి పిల్లలను వడపోయడాన్ని విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్ నిషేధించింది. మొదటిసారి ఉల్లంఘిస్తే 25,000 రూపాయల వరకు, ఆ తరువాత ప్రతిసారికీ 50,000 రూపాయల వరకు జరిమానా కూడా అందులోనే ఉంది.

3. సర్టిఫికెట్ తెస్తేనే మాట్లాడతామంటున్నారు. వైకల్య శాతాన్ని తేల్చి సర్టిఫికెట్ ఇచ్చే సదరం శిబిరంలో స్లాటు దొరకాలి, ఆ రోజు సంబంధిత వైద్యుడు ఉండాలి, పిల్లవాడు ఆ జనంలో, ఆ వరుసలో గంటల తరబడి ఓపిక పట్టాలి, ఆ తరువాత కార్డు చేతికి రావాలి. ఇదంతా పూర్తయ్యేలోపు ప్రవేశాలు ముగిసిపోతాయి. 40 శాతం అన్న కొలమానం 31వ సెక్షన్ వంటి కొన్ని ప్రత్యేక హక్కులకు, పథకాలకు సంబంధించినది. వివక్ష లేకుండా చేర్చుకోవాలన్న 16వ సెక్షన్‌లో ఆ శాతం ఊసే లేదు. నేర్చుకోవడంలో ఇబ్బంది ఉన్న పిల్లలను, అంటే డిస్లెక్సియా వంటి సమస్యలున్న వారిని, వీలైనంత త్వరగా గుర్తించవలసిన పని బడిదేనని అదే సెక్షన్ చెబుతోంది. బడి గుర్తించవలసిన దానిని తల్లిదండ్రులు ముందే నిరూపించి తెస్తే తప్ప గేటు తెరవమనడం చట్టాన్ని తలకిందులు చేయడమే.

4. ప్రత్యేక పాఠశాలల గురించి నమ్మదగిన సమాచారం ఎక్కడా దొరకదు. నా దృష్టిలో ఇది మొదటి సమస్యతో సమానమైనది. మామూలు బడి కాదనడం వల్ల కాక, తమ బిడ్డకు అదే మేలని ఆలోచించి ప్రత్యేక బడిని కోరుకునే తల్లిదండ్రులు చాలామంది ఉన్నారు, వారి నిర్ణయానికీ అంతే గౌరవం దక్కాలి. అలాంటి బడి పేరు వారికి ఎలా తెలుస్తుంది? థెరపీ కేంద్రంలో మరో తల్లి చెబితే తెలుస్తుంది, లేకపోతే రోడ్డు మీది బోర్డు చూసి తెలుస్తుంది. లోపలికి వెళ్లాక ఏం అడగాలో తెలియదు. గోడల మీది బొమ్మలు, ఫీజు, ఇంటి నుంచి దూరం మాత్రమే కళ్లకు కనిపిస్తాయి. కనిపించనివి అంతకంటే ముఖ్యమైనవి.

వికలాంగుల కోసం నడిపే ప్రైవేటు సంస్థ ఏదైనా రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ పొంది తీరాలని 2016 చట్టం చెబుతోంది, ఆ సర్టిఫికెట్‌ను అందరికీ కనిపించేలా గోడకు పెట్టాలని కూడా చెబుతోంది. అక్కడ పాఠాలు చెప్పే స్పెషల్ ఎడ్యుకేటర్లు, స్పీచ్ థెరపిస్టులు 1992 నాటి చట్టం కింద ఏర్పాటైన భారత పునరావాస మండలి, అంటే ఆర్‌సీఐ, రిజిస్టరులో నమోదై ఉండాలి. ఎంతమంది పిల్లలకు ఒక ఉపాధ్యాయుడు ఉండాలన్న దానిపై 2021 అక్టోబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో స్పష్టమైన అంకెలున్నాయి. ప్రత్యేక పాఠశాలల్లో సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లలు ఎనిమిది మందికి ఒకరు, మేధో వైకల్యం, ఆటిజం, నేర్చుకోవడంలో ఇబ్బంది ఉన్న పిల్లలు ఐదుగురికి ఒకరు, చూపు, వినికిడి రెండూ లేని పిల్లలు, ఒకటికి మించి వైకల్యాలున్న పిల్లలు ఇద్దరికి ఒకరు చొప్పున ఉపాధ్యాయులు ఉండాలి. మాలో ఒక తండ్రి ఈ నిష్పత్తి గురించి అడిగితే, ఆయాలను కూడా కలిపి లెక్క చెప్పారట. ఆయాలు చేసే పని ఎంతో విలువైనది, కానీ వారిని ఉపాధ్యాయుల లెక్కలో చూపించడం తల్లిదండ్రులను తప్పుదారి పట్టించడమే.

మంచి ప్రత్యేక బడి ఎలా ఉంటుందో కూడా చెప్పాలి, ఎందుకంటే అలాంటివి ఉన్నాయి. 1984లో సికింద్రాబాద్‌లో నెలకొల్పిన జాతీయ సంస్థ, ఇప్పుడు ఎన్ఐఈపీఐడీ అని పిలుస్తున్నది, మేధో వైకల్యం ఉన్న పిల్లల కోసం ఎఫ్ఏసీపీ అనే పరిశీలనా పత్రాన్ని తయారుచేసింది. బొత్తాలు పెట్టుకోవడం, పేరు పిలిస్తే పలకడం, డబ్బు లెక్కపెట్టడం వంటి ఒక్కో పనిని పిల్లవాడు తనంతట తాను చేస్తున్నాడా, నోటితో చెబితే చేస్తున్నాడా, చేయి పట్టుకుని చేయిస్తే చేస్తున్నాడా అని అందులో విడివిడిగా గుర్తిస్తారు. దాన్ని బట్టి ఆ బిడ్డకు విడిగా పాఠ్య ప్రణాళిక రాసి, కొన్ని నెలలకు మళ్లీ అదే పత్రంతో సరిచూస్తారు. ఒక బడిలో ఆ పుస్తకాన్ని చూపించారు. బొత్తాల వరుసలో జూలైలో చేయి పట్టుకుని చేయించినట్టు, డిసెంబరులో నోటితో చెబితే చేసినట్టు రాసి ఉంది. ఆ బిడ్డ తల్లి పక్కన సంతకం చేసింది. తల్లిదండ్రులు బడిని ఎంచుకోవడానికి చూడవలసింది ఇలాంటి పుస్తకాలనే. వాటిని చూపించమని అడగవచ్చన్న సంగతి చాలామందికి చెప్పేవారు లేరు.

5. చేర్చుకున్నా షరతులతోనే చేర్చుకుంటున్నారు. తరగతిలో పిల్లవాడి పక్కనే ఉండి సాయం చేసే షాడో టీచరును మీరే పెట్టుకుని మీరే జీతం ఇవ్వాలన్నది అందులో మొదటిది. షాడో టీచరు రాని రోజు పిల్లవాడిని ఇంటి దగ్గరే ఉంచుకోవాలి. విహార యాత్రకు, వార్షికోత్సవానికి పంపకూడదు. ఎప్పుడు కావాలంటే అప్పుడు పిల్లవాడిని తీసుకువెళ్లిపోతామని సంతకం పెట్టివ్వాలి. ఇతర పిల్లల తల్లిదండ్రుల నుంచి ఎవరూ తీసుకోని హామీ పత్రం మా దగ్గర తీసుకోవడానికి ఏ నిబంధన ఆధారమో యాజమాన్యాలు చెప్పాలి. ఒక్కో బిడ్డకు అవసరమైన తోడ్పాటు ఇచ్చే బాధ్యత బడి వైపే ఉందని 16వ సెక్షన్ చదివితే తెలుస్తుంది. ఇక భాషల విషయం. రెండో భాష, మూడో భాష నుంచి మినహాయింపు ఇవ్వడం, పరీక్షలో అదనపు సమయం, రాసిపెట్టే సహాయకుడు వంటివి 17వ సెక్షన్‌లో ఉన్నాయి. మాట రావడమే కష్టమైన పిల్లవాడి చేత మూడు భాషల్లో అక్షరాలు దిద్దించి, వెనకబడ్డాడని బయటికి పంపిన ఉదంతాలు మాలోనే ఉన్నాయి.

6. రాకపోకలు, మరుగుదొడ్లు. ప్రయాణ సౌకర్యం కల్పించాలని, ఎక్కువ తోడ్పాటు అవసరమైన పిల్లల సహాయకులకు కూడా అది వర్తించాలని చట్టంలో ఉంది. బడి బస్సులో ఆయా లేదన్న ఒక్క కారణంతో సీటు వదులుకున్నవారు ఉన్నారు. చక్రాల కుర్చీ పట్టని మరుగుదొడ్డి వల్ల, మధ్యాహ్నం దాకా మంచినీళ్లు తాగకుండా ఉండే ఆడపిల్ల గురించి ఆమె తల్లి చెబుతుంటే వినడం కష్టమైంది.

7. ఇంటి దగ్గర చదువును తప్పించుకునే దారిగా వాడుతున్నారు. అది కుటుంబం కోరుకుంటే దక్కవలసిన వీలు. బడికి పంపాలనుకునే తల్లికి, ఇంటి దగ్గరే ఉంచండి, టీచరు వస్తారని చెప్పి పంపించడానికి దానిని ఆధారం చేసుకోకూడదు. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం మండలాల్లో నడిపే భవిత కేంద్రాల్లో ఉంటూ, ఇళ్లకు వెళ్లి కూడా చదువు చెప్పే రిసోర్సు పర్సన్లలో అంకితభావంతో పనిచేసేవారిని మేము చూశాం. అంతమంది పిల్లల మధ్య తిరిగే మనిషి ఒక్కో ఇంటికి ఎన్ని గంటలు ఇవ్వగలరో మీకే తెలుసు.

ఇక వీటి ఫలితాలు ఇళ్లలో ఎలా ఉంటాయో చెబుతాను. బిడ్డకు నాలుగేళ్ల వయసులో సమస్య తెలిస్తే, బడి వెతుకులాటలోనే ఆరేళ్లు, ఏడేళ్లు వచ్చేస్తాయి. మాట, నడవడిక, తన పనులు తాను చేసుకోవడం వంటివి త్వరగా మొదలుపెడితే త్వరగా పట్టుబడే వయసు అది. ఆ ఏళ్లను తరువాత ఏ పథకమూ తెచ్చి ఇవ్వలేదు. మాలో ఎక్కువమంది తల్లులు ఉద్యోగాలు మానేశారు. ఊరి నుంచి నగరానికి అద్దె ఇంటికి మారి, భర్త ఊళ్లో, భార్యాబిడ్డలు నగరంలో ఉంటున్న కుటుంబాలున్నాయి. రోజు కూలీ చేసుకునే తండ్రికి బడులకు తిరిగిన ప్రతి రోజూ కూలీ పోయిన రోజే. అలా కొన్నాళ్లు తిరిగి ఊరుకుండిపోయిన ఇళ్లలో పిల్లలు గది దాటి బయటికి రావడం లేదు. ఇంట్లో మరో బిడ్డ ఉంటే, ఆ బిడ్డను కూడా మంచి బడిలో చేర్చుకోరేమోనన్న భయంతో, తోబుట్టువు సంగతి దాచిపెట్టమని చెప్పిన తల్లిదండ్రులు కూడా ఉన్నారు. చెల్లెలి గురించి ఎవరైనా అడిగితే లేదని చెప్పమని తొమ్మిదేళ్ల పిల్లాడికి నేర్పించవలసి రావడం ఎంతటి బాధో మీరు ఊహించగలరు.

బడుల ఇబ్బందులు మాకు తెలియనివి కావు. నలభై మంది ఉన్న తరగతిలో ఒక్క ఉపాధ్యాయురాలు, శిక్షణ లేకుండా, మా పిల్లవాడిని కూడా చూసుకోవాలంటే ఆమెకు అన్యాయమే. తరగతిలో ఒక పిల్లవాడు గట్టిగా అరిస్తే మిగతా తల్లిదండ్రులు వచ్చి నిలదీస్తారన్న భయం యాజమాన్యాలకు ఉంటుంది. ఈ మాటలు మాతో చాటుగా చెప్పిన ప్రధానోపాధ్యాయులు ఉన్నారు, వారి మీద నాకు కోపం లేదు. అయితే ఆ ఇబ్బందిని కాగితం మీద పెడితేనే అది ప్రభుత్వానికి చేరుతుంది. మాకు స్పెషల్ ఎడ్యుకేటర్ లేరు కనుక చేర్చుకోలేకపోతున్నామని వంద బడులు రాసిస్తే, ఎన్ని పోస్టులు నింపాలో మీకు తెలుస్తుంది. ఇప్పుడు ఆ కొరత అంతా మా ఇళ్లలో ఉండిపోతోంది. మీ నివేదికల్లో ఎక్కడా కనిపించడం లేదు. మామూలు బడుల్లో కూడా ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు ప్రాథమిక స్థాయిలో పదిమందికి ఒకరు, పై తరగతుల్లో పదిహేను మందికి ఒకరు చొప్పున స్పెషల్ ఎడ్యుకేటర్లు ఉండాలని ఆ 2021 తీర్పులోనే ఉంది. ఎంతమంది పిల్లలు ఉన్నారో లెక్క తేలకుండా ఆ నిష్పత్తిని ఎవరు మాత్రం ఎలా అమలు చేస్తారు? బడి ఈడు పిల్లల్లో వైకల్యం ఉన్నవారిని గుర్తించడానికి ఐదేళ్లకోసారి సర్వే చేయాలన్న నిబంధన కూడా ఇందుకోసమే ఉంది.

ఈ పరిస్థితుల్లో మేము కోరుతున్నవి ఇవి.

1. ప్రభుత్వ గుర్తింపు ఉన్న ప్రతి బడీ, ప్రతి ప్రత్యేక పాఠశాలా, అడిగిన ప్రతి తల్లికీ తండ్రికీ దరఖాస్తు ఫారం ఇచ్చి, తీసుకున్నట్టు తేదీతో రసీదు ఇవ్వాలని ఉత్తర్వు జారీ చేయండి. సర్టిఫికెట్ లేదన్న కారణంతో దరఖాస్తును తీసుకోకపోవడం ఉండకూడదు. సర్టిఫికెట్ తరువాత సమర్పించడానికి గడువు ఇవ్వాలి.

2. సీటు ఇవ్వలేకపోతే పదిహేను రోజుల్లో కారణాన్ని రాతపూర్వకంగా ఇవ్వాలి. ఆ కాగితం మీదే, ఎవరికి అప్పీలు చేసుకోవాలో ఆ అధికారి హోదా, కార్యాలయం చిరునామా ఉండాలి. ఒక ప్రతి జిల్లా విద్యాశాఖ అధికారికి వెళ్లాలి. మా కోరికల్లో ఒక్కటే నెరవేర్చగలమని మీరంటే, మేము దీనినే ఎంచుకుంటాం.

3. ఆఫీసు గదిలో ముఖాముఖి పరీక్షలు ఆపించండి. బిడ్డ అవసరాలు తెలుసుకోవాలంటే చేర్చుకున్న తరువాత కొన్ని వారాల పాటు తరగతిలో, ఆటస్థలంలో, భోజనం దగ్గర గమనించి, తల్లిదండ్రులతోనూ, అప్పటిదాకా థెరపీ ఇచ్చినవారితోనూ కూర్చుని మాట్లాడి రాసుకోవాలి.

4. జిల్లాలోని ప్రత్యేక పాఠశాలలన్నిటి జాబితాను తెలుగులో, అందరికీ అందుబాటులో పెట్టండి. రిజిస్ట్రేషన్ ఏ తేదీ వరకు చెల్లుతుంది, ఏయే వైకల్యాలున్న పిల్లలను ఏ వయసు వరకు తీసుకుంటారు, ఆర్‌సీఐ నమోదు ఉన్న ఉపాధ్యాయులు ఎంతమంది, పిల్లలు ఎంతమంది, ఏ థెరపీలు వారానికి ఎన్ని గంటలు, ఫీజు ఎంత, బస్సు ఉందా, హాస్టలు ఉంటే రాత్రి పూట ఎవరు చూసుకుంటారు, చివరిసారి తనిఖీ ఎప్పుడు జరిగింది, అందులో ఏం తేలింది అన్నవి అందులో ఉండాలి. ఖాళీ సీట్ల సంఖ్యను ప్రవేశాల కాలంలో ఎప్పటికప్పుడు మార్చాలి. నగరంలో ఉన్నవారికి ఇది సౌకర్యం. మారుమూల మండలాల నుంచి బస్సెక్కి వచ్చేవారికి మాత్రం ఒక రోజు కూలీ, దారి ఖర్చులు మిగులుతాయి.

5. చేరే ముందు తల్లిదండ్రులు పనివేళల్లో తరగతిని చూసేందుకు, పేర్లు కప్పిన పాఠ్య ప్రణాళికలను చదివేందుకు ప్రత్యేక పాఠశాలలు అనుమతించాలి. తలుపు మూసి లోపల ఏం జరుగుతుందో చెప్పని బడికి మాటరాని బిడ్డను అప్పగించడం ఏ తల్లికైనా భయమే. సాయంత్రం ఇంటికి వచ్చి ఆ బిడ్డ ఏమీ చెప్పలేడు కదా.

6. షాడో టీచరు జీతాన్ని తల్లిదండ్రుల మీద వేయడం, ప్రత్యేక హామీ పత్రాలు తీసుకోవడం చెల్లవని స్పష్టం చేయండి. చిన్న బడులకు ఈ భారం మోయడం కష్టమైతే, కొన్ని బడులకు కలిపి ఒక స్పెషల్ ఎడ్యుకేటరును ప్రభుత్వమే కేటాయించే ఏర్పాటు చేయండి.

7. ప్రత్యేక బడిలో కొన్నేళ్లు చదివి మామూలు బడికి మారగలిగిన బిడ్డకు, అలాగే మామూలు బడిలో ఇమడలేక ప్రత్యేక బడికి వెళ్లవలసిన బిడ్డకు, విద్యా సంవత్సరం మధ్యలోనైనా మారే వీలు కల్పించండి. ఏ తరగతిలో చేర్చాలన్నది వయసును బట్టి, విడి ప్రణాళికను బట్టి నిర్ణయించాలి తప్ప, ప్రత్యేక బడి చదువు లెక్కలోకి రాదని చెప్పి ఒకటో తరగతిలో కూర్చోబెట్టకూడదు.

8. విద్యాశాఖ, సంక్షేమ శాఖల తరఫున జిల్లాకు ఒక్కరే అధికారిని ఈ ప్రవేశాల కోసం నియమించి, ఆ పేరు, ఫోను నంబరు ప్రతి బడి నోటీసు బోర్డులో పెట్టించండి. మా అర్జీలు ఒక శాఖ నుంచి మరో శాఖకు పంపినంత మాత్రాన పరిష్కారమైనట్టు నమోదు కాకూడదు.

ప్రైవేటు యాజమాన్యాలకు విడిగా ఒక మనవి. ప్రభుత్వ ఉత్తర్వు వచ్చేదాకా ఆగకుండా, దరఖాస్తు తీసుకోవడం, కారణం రాసివ్వడం అనే రెండు పనులను ఈ ఏడాది నుంచే మీరు మొదలుపెట్టవచ్చు. వాటికి అదనపు గది, అదనపు జీతం అక్కర్లేదు. మా పిల్లలను చేర్చుకుని బాగా చూసుకుంటున్న బడులు కూడా మీలో ఉన్నాయి. అవి ఏం చేస్తున్నాయో తోటి యాజమాన్యాలకు చెబితే మా విన్నపాల కంటే అదే ఎక్కువ పనిచేస్తుంది.

తోటి తల్లిదండ్రులకు కూడా ఒక మాట. ఈసారి బడికి వెళ్లినప్పుడు దరఖాస్తును తెల్లకాగితం మీదనైనా రాసి ఇవ్వండి, తీసుకోకపోతే రిజిస్టర్డ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. మీ బిడ్డ హక్కు దెబ్బతిన్నదనిపిస్తే రాష్ట్ర వికలాంగుల కమిషనరుకు ఫిర్యాదు చేయవచ్చు. విచారణలో సాక్షులను పిలిపించడం, పత్రాలు తెప్పించుకోవడం వంటి విషయాల్లో సివిల్ కోర్టుకు ఉండే అధికారాలు కమిషనరుకు ఉన్నాయి. 2016 చట్టాన్ని ఉల్లంఘించినవారికి మొదటిసారి 10,000 రూపాయల వరకు, ఆ తరువాత 50,000 నుంచి 5 లక్షల రూపాయల వరకు జరిమానా 89వ సెక్షన్‌లో ఉంది. ఎవరికో శిక్ష పడాలని మేము కోరుకోవడం లేదు. కానీ ఫిర్యాదుకు కావలసిన ఆధారం చేతిలో లేకుండా తిరిగి రావద్దు.

జూన్‌లో బడులు తెరిచే నాటికి ఈ ఉత్తర్వులు అమల్లోకి రావాలంటే, ప్రవేశాల ప్రకటన వెలువడక ముందే అవి జారీ కావాలి. పైన రాసిన ఎనిమిది అంశాల్లో వేటిని ఆమోదిస్తున్నారు, వేటిని కాదంటున్నారు, ఎందుకు కాదంటున్నారు అన్నది రాతపూర్వకంగా తెలియజేయవలసిందిగా ప్రార్థిస్తున్నాను. ఈ లేఖ ప్రతులను రెండు రాష్ట్రాల వికలాంగుల కమిషనర్లకు, బాలల హక్కుల పరిరక్షణ కమిషన్లకు రిజిస్టర్డ్ పోస్టులో పంపుతున్నాను.

ఇట్లు,
ప్రత్యేక అవసరాలున్న పిల్లల తల్లిదండ్రుల తరఫున,
ఒక తల్లి